ఉప్పుగుహలో బీబీ

ఆగస్టు పదకొండు. ఆ తేదీని వల్లభరావు మరిచిపోలేదు. ఆ పొద్దున్న ఏం తిన్నారో కూడా మరిచిపోలేదు. మొక్కజొన్న పిండితో గట్టిగా కెలికిన తెల్లటి సంకటి, ఉల్లిపాయలు వేసి మగ్గించిన ఆకుకూర, పక్కన కాకినాడ నుంచి సీసాలో మోసుకొచ్చిన ఉప్పు నిమ్మకాయ. ఆ సంకటిని కెన్యావాళ్ళు ఉగాలి అంటారు. నిమ్మకాయ ముక్క తగిలేసరికి ఆ పరాయి ముద్ద కూడా గొంతులో ఇంటి దారి పట్టింది.

గుడారం ముందు మడతబల్ల చుట్టూ ముగ్గురు కూర్చున్నారు. ఎదురుగా గడ్డిమైదానం ఎండు వరిచేను రంగులో ఆకాశం అంచుదాకా పరుచుకుని ఉంది. గొడుగుల్లాంటి తుమ్మచెట్లు అక్కడొకటి ఇక్కడొకటి నిలబడి ఉన్నాయి. వల్లభరావు కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి. పక్కనున్న పినాకపాణి ఆయన బావమరిది. కొల్లేటి గూడబాతుల దగ్గర మొదలుపెట్టి, మంచుకొండల చిరుతపులి దాకా ఫొటోలు తీసినవాడు. మూడో మనిషి చెబెట్. భుజాన తుపాకి, నెత్తిన ఆకుపచ్చ టోపీ, నోట్లో ఎప్పుడూ ఒక వెటకారం. ఆ ప్రాంతంలో పుట్టి పెరిగిన అటవీ రక్షకురాలు, వీళ్ళకు దారి చూపే మనిషి. పాణి రోజంతా "బావా, బావా" అని పిలవడం విని అదే ఆయన పేరనుకుంది. మొదటి రోజు నుంచీ ఆమెకు వల్లభరావు "మిస్టర్ బావా". ఆ మాట విన్నప్పుడల్లా పాణి మూతి బిగించుకుని నవ్వు ఆపుకునేవాడు. ఇద్దరిలో ఎవరూ ఆమెను సరిదిద్దలేదు.

పాణికి రేచీకటి. దీపం పెట్టే వేళ దాటితే అతనికి లోకం లేదు. పగటిపూట కూడా చూపు నాలుగు వైపుల నుంచీ ముడుచుకొస్తోంది. గొట్టంలోంచి చూసినట్టు నడుమనున్నదే కనిపిస్తుంది. ఆ గొట్టం కూడా ఎక్కువ కాలం తెరిచి ఉండదని కళ్ళ డాక్టరు చెప్పింది. అందుకే ఈ ప్రయాణం. అందుకే పక్కన వల్లభరావు. కళ్ళు బావవి, వేలు పాణిది.

వాళ్ళ పనితీరు చెబెట్‌కి ఎంతకీ అర్థమయ్యేది కాదు. మొదటి రోజు ఒక జిరాఫీ కనిపిస్తే వల్లభరావు "ఎడమకి... కాదు, కాస్త పైకి... అబ్బా, అంత పైకి కాదు" అంటూండగానే అది కాస్తా వెళ్ళిపోయింది. రెండోది కనిపించినప్పుడు విసిగిపోయి, "ఊరగాయ వేసే చోట ఉందిరా!" అని అరిచాడు. కెమెరా సరిగ్గా అక్కడికి తిరిగింది. వల్లభరావు భార్య, అంటే పాణి అక్క, ఇందుమతి వడ్డన ఇద్దరికీ కంఠతా వచ్చు. విస్తట్లో ఎడమ పైమూల ఉప్పు, ఊరగాయ. కుడి పైమూల పప్పు, కూరలు. ఎడమ కిందిమూల అప్పడం. కుడి కింద తీపి. నడుమ అన్నం. ఇందుమతి పోయి నాలుగేళ్ళయినా, ఆ విస్తరి మాత్రం వాళ్ళ కళ్ళ ముందు పరిచే ఉంది. అప్పటినుంచి "పప్పు దగ్గర చారలగుర్రం, అప్పడం దగ్గర దాని పిల్ల" అంటే చాలు, ఫొటో అందేది.

ఆ పొద్దున్న పాణి ల్యాప్‌టాప్ తెరిచి, ముందురోజు సాయంత్రం దుమ్ములో నడిచిపోయిన ఏనుగుల ఫొటో చూపించాడు.

"ఏమీ లేదు బావా ఇందులో. అంతా దుమ్మే."

వల్లభరావు కళ్ళజోడు తుడుచుకుని వంగాడు. "ఒరేయ్, అప్పడం దగ్గర చూడు. ఆఖరున వస్తోందే, ఆ ఏనుగు. దాని దంతం ఏంటలా ఉంది? సున్నం కొట్టినట్టు?"

తెర మీదికి తొంగిచూసిన చెబెట్ చేతిలో ముద్ద పళ్ళెంలోకి జారింది. "పెద్దది చేయండి" అంది.

బొమ్మ పెద్దదయింది. బక్కచిక్కిన ముసలి ఆడఏనుగు. కుడి దంతం సన్నగా, వంపు తిరిగి, గడ్డిని రాసుకుంటూ సాగింది. ఎడమ దంతం సగానికి సగం అరిగిపోయి, కొస మీద తెల్లటి పొడి అంటుకుని ఉంది.

"బీబీ!" అంది చెబెట్. ఆ గొంతులో వెటకారం లేదు. "బీబీ అంటే అమ్మమ్మ. కరువొచ్చిన ఏడు పోయిందనుకున్నాం. మా అమ్మ ఏడ్చింది కూడా."

"ఆ తెల్లటి పొడి ఏంటి?" అడిగాడు పాణి.

చెబెట్ ఉత్తరంగా చెయ్యి చాపింది. మైదానం అంచున మబ్బులో కలిసిపోయి ఒక నీలపు కొండ ఉంది. "అది చల్లారిన నిప్పుకొండ. దాని పొట్టలో ఒక గుహ ఉంది. గోడలన్నీ ఉప్పురాయి. ఏనుగులు చీకట్లో తొండంతో తడుముకుంటూ లోపలికి పోతాయి. దంతాలతో గోడ తవ్వి ఉప్పు తింటాయి. పూర్వం యుద్ధాలొస్తే మావాళ్ళు పశువులతో సహా ఆ గుహలోనే దాక్కునేవారు. ఆ దారి బీబీయే గుంపుకి నేర్పింది."

"ఆవిడ ఉప్పు తవ్వుతుండగా ఎవరైనా ఫొటో తీశారా?"

"ఆ గుహలోకి కెమెరా వెళ్ళినట్టు నాకు తెలియదు."

పాణి ల్యాప్‌టాప్ మూసేశాడు. "బావా, నాకిది కావాలి. ఇదొక్కటీ దొరికితే, తర్వాత చీకటి పడినా ఏడవను."

వల్లభరావు ఆ ముఖం చూశాడు. తన పెళ్ళిలో, చిన్నపిల్లాడిగా ఉన్న పాణి అలకపాన్పు పక్కన నిలబడి గడియారం అడిగినప్పటి ముఖమే అది. "పద మరి. సంకటి చల్లారిపోతోంది, ముందు తిను" అన్నాడు.

జీపు మైదానానికి అడ్డంపడి ఉత్తరానికి సాగింది. బంగారు కిరీటాల కొంగలు జంటగా గడ్డిలో చిందులేస్తున్నాయి. పొడుగుకాళ్ళ డేగ ఒకటి పామును కాలితో తన్ని తన్ని చంపుతోంది. "అన్నం మీద! అన్నం మీద!" అని వల్లభరావు కేక వేస్తే పాణి వేలు టకటకమంది. ఒక వాగు దగ్గర తుప్పల్లోంచి ఆడసింహం లేచి జీపు ముందు నిలబడింది. చెబెట్ ఇంజను ఆపేసింది. సింహం మూతి మీద నెత్తురు తడిగా ఉంది. అది వాళ్ళను పట్టించుకోకుండా జీపు నీడలో పడుకుంది. లేచి వెళ్ళేదాకా ముగ్గురూ ఊపిరి లెక్కపెట్టుకుంటూ కూర్చున్నారు. ఆ ఎండలో ఒక మృగానికి కాసేపు నీడనివ్వగలిగినందుకు వల్లభరావుకు లోలోపల ఏదో తృప్తి కలిగింది.

కొండపాదం చేరేసరికి మైదానం అంతమై అడవి మొదలైంది. నాచు పట్టిన మహావృక్షాలు, వాటికి వేలాడే గడ్డాల్లాంటి తీగలు. చెబెట్ జీపు తలుపులు వేస్తూ ఆజ్ఞలు జారీ చేసింది.

"మాట తక్కువ. టార్చి నేను చెప్పినప్పుడే. తినే వస్తువులన్నీ ఇక్కడే వదలండి. ఏనుగు ముక్కు ముందు మన ముక్కులు ముక్కులే కావు."

వల్లభరావు బిస్కెట్లు తీసి జీపులో పెట్టాడు. అరటిపళ్ళు పెట్టాడు. ఉప్పు నిమ్మకాయ సీసా దగ్గర మాత్రం చెయ్యి ఆగింది. ఎత్తులు ఎక్కితే పాణికి కడుపులో తిప్పుతుంది, ఒక ముక్క చప్పరిస్తే గాని తగ్గదు. అయినా ఊరగాయ తిండి ఎలా అవుతుంది? తిండిలో నంజుకునేది గాని. అలా తనకు తానే సర్దిచెప్పుకుని, సీసాను సంచీ పక్క జేబులో దోపేశాడు.

దారి నిటారుగా ఉంది. నల్లమట్టి పాదాల కింద జారుతోంది. తెల్లతోకల కోతులు పైకొమ్మల మీద నుంచి వీళ్ళ మీద ఆకులు దులిపాయి. ఎర్రరెక్కల పిట్ట ఒకటి దివిటీలా మెరిసి చీకటి కొమ్మల్లో ఆరిపోయింది. వెదురుపొద దాటుతుండగా ఎదురుగా ఫెళఫెళమని శబ్దమైంది.

"చెట్టు వెనక్కి!" చెబెట్ అరిచింది. "కదలకండి!"

వల్లభరావు పాణి నడుం పట్టుకుని ఒక మాను చాటుకు లాగేశాడు. ఒంటరి అడవిదున్న ఒకటి వెదుళ్ళు చీల్చుకుంటూ వాళ్ళు నిలబడిన చోటి మీదుగా దూసుకుపోయింది. మట్టిపెళ్ళలు ముఖాన కొట్టాయి. దాని వీపు మీద ఉన్న బుల్లిపిట్టలు రెండు అంత వేగంలోనూ ఎగిరిపోకుండా గోళ్ళతో పట్టుకుని కూర్చున్నాయి.

"పట్టుకుంటే అలా పట్టుకోవాలి" అన్నాడు వల్లభరావు రొప్పుతూ.

"నా నడుం వదులు బావా ముందు. దున్న కంటే నువ్వే నన్ను చంపేలా ఉన్నావు."

గుహ నోరు జమీందారు కోట వాకిలిలా ఉంది. పైనుంచి సన్నటి జలపాతం తెరలా జారుతోంది. లోపల పాతిక బళ్ళు పక్కపక్కన నిలబెట్టేంత చోటు. వానకోయిలలు గూళ్ళలోంచి కిచకిచలాడుతూ బయటికి ఎగిరాయి. నేలంతా ఎండిన పేడ, మెత్తగా తివాచీ పరిచినట్టు. చెబెట్ టార్చి గోడ మీద వేసింది. నడుమెత్తు నుంచి చేతికందనంత ఎత్తుదాకా గోడ నిండా గాట్లు. తరతరాల దంతాలు గీసిన గాట్లు. వాటి మధ్య ఉప్పురవ్వలు మంచులా మెరిశాయి. పాణి చూడలేదు, తాకాడు. ఒక గాటులో వేళ్ళు పెట్టి అది ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో తడుముకుంటూ గోడ వెంట నడిచాడు.

"ఆ పక్కకి వద్దు!" చెబెట్ అతని మోచేయి పట్టుకుని టార్చి కిందికి తిప్పింది. దారికి కుడిపక్కన నేల నోరు తెరిచి ఉంది. ఇరుకైన లోతైన చీలిక. అడుగున ఏవో తెల్లగా కనిపించాయి. చిన్న ఎముకలు. చిన్న పుర్రె.

"చీకట్లో జారిన పిల్లలు" అంది చెబెట్. "తల్లులు చాలాసేపు పైన నిలబడి తొండం కిందికి చాస్తాయి. అందదు."

పాణి ఒక అడుగు వెనక్కి వేసి గోడను పట్టుకున్నాడు.

"ఫ్లాష్ ఒక్కసారే" అంది ఆమె. "బీబీ గోడ దగ్గర నిలబడినప్పుడు. చీలిక అంచున పిల్ల ఏదైనా ఉంటే వద్దు. వెలుగుకి బెదిరితే వెనకడుగే వేస్తుంది. ఏనుగులు చీకటి పడ్డాకే వస్తాయి, మనకు బోలెడంత టైముంది. ఇక్కడ పుట్టినదాన్ని, నా మాట నమ్మండి."

అది ఆమె చెప్పిన తప్పు మాట. ఆమె గుహ నోటి దగ్గర కూర్చునే చోటు వెతకడానికి వెళ్ళింది. బావా బావమరిదీ లోపల కెమెరా అమర్చుకుంటున్నారు. అంతలో కొండ మీద ఉరిమింది. వాన ఒక్కసారిగా విరుచుకుపడింది. గుహ నోట్లోంచి వచ్చే వెలుగు బూడిదరంగుకు తిరిగింది. ఆ వెలుగుకు అడ్డంగా ఏదో నిలబడింది. దాని పక్కన ఇంకొకటి. చెబెట్ ఈల సన్నగా, తెగిపోయినట్టు వినిపించింది. తర్వాత అదీ లేదు.

"ఏంటి బావా?"

"వచ్చేశాయిరా. దారి మూసుకుపోయింది."

వల్లభరావు అతన్ని గోడవారకు లాగాడు. పైకప్పు నుంచి ఎప్పుడో ఊడిపడిన బండ ఒకటి ఉంది. దాని వెనక ఇద్దరు ఒదిగేంత సందు. ఇద్దరూ అందులో దూరారు. ఏనుగులు మనుషులు గుడిలోకి వచ్చినట్టు చప్పుడు లేకుండా వచ్చాయి. మెత్తటి అడుగులు, నేలను తడిమే తొండాల రాపిడి, పొట్టల్లోంచి దూరపు ఉరుములాంటి గురగుర. వల్లభరావు కళ్ళకు నలుపు మీద నలుపు రూపాలు అందుతున్నాయి. పాణికి ఆ నలుపు కూడా లేదు. కళ్ళు రెండూ విప్పుకుని శూన్యంలోకి చూస్తున్నాడు. అతని చేతుల్లో కెమెరా, దాని నెత్తిన ఫ్లాష్, మీట మీద వేలు.

"చెప్పు బావా" అన్నాడు, ఊపిరితో.

"పప్పు దగ్గర రెండు. ఊరగాయ దగ్గర ఒకటి, గోడ తవ్వుతోంది. బీబీ కాదు. అప్పడం దగ్గర..." ఒక పొడుగాటి దంతం చీకట్లో నెలవంకలా కదిలింది. "వస్తోందిరా. ఆవిడే. అన్నం మీదికి వస్తోంది."

బీబీ తిన్నగా వాళ్ళ బండ దగ్గరికే వచ్చింది. తొండం బండ మీద పాకింది. అంచు దాటింది. దాని ఊపిరి వెచ్చగా, తడిగా, నమిలిన ఆకుల వాసనతో వల్లభరావు మెడ మీద పడింది. తొండం కొస ఆయన భుజాన్ని తాకింది, ఛాతీ మీదుగా దిగింది, సంచీ దగ్గర ఆగింది. అప్పుడు అర్థమైంది ఆయనకు. నిమ్మకాయ సీసా! ఉప్పు కోసం కొండలెక్కి వచ్చిన ప్రాణి ముందు తాను ఉప్పులో ఊరిన సీసా పెట్టుకుని కూర్చున్నాడు. ఊరగాయ తిండి కాదట, ఎవరు చెప్పారు!

సంచీ పట్టీ పటుక్కున తెగింది. సీసా రాతి మీద పడి భళ్ళుమంది. పుల్లటి, ఉప్పటి వాసన గుహంతా కమ్ముకుంది. బీబీ సావకాశంగా ఒక్కో ముక్కే ఏరుకుని నోట్లో పెట్టుకుంది. నూనె, కారం ఎరగని ఊట నిమ్మకాయ. ఆమెకు నచ్చినట్టే ఉంది. పొట్టలోంచి ఒక గురగుర బయలుదేరి రాతిలోకి పాకింది. ఆ పిలుపుకో, ఆ వాసనకో, గుంపులోంచి ఒక గున్నఏనుగు తప్పుకుని ఇటు నడిచింది. దాని ఎత్తు బల్లంతే. తొండం ఎలా వాడుకోవాలో కూడా దానికి ఇంకా తెలియదు. అది గోడవారన రాలేదు. చీలిక వైపు నుంచి వచ్చింది.

నిమ్మకాయ ముక్కలు అయిపోయాయి. బీబీ గోడకు తిరిగింది. గుహ నోటి నుంచి బూడిదరంగు వెలుగు చార ఒకటి ఆమె ముఖాన పడింది. అరిగిన దంతాన్ని పాత గాటులో ఆనించి మెడ బిగించింది. కరకరమంటూ ఉప్పురాయి పెళ్ళ విరిగింది. సరిగ్గా ఎదురుగా, పూర్తి పక్కవాటుగా, దంతాలు రెండూ తెలిసేలా. పాణి జీవితమంతా తీసిన ఫొటోలన్నీ ఈ ఒక్కదానికి మెట్లు కావచ్చు.

"అన్నం మీదేనా బావా? కొట్టనా?"

గున్న వెనక కాళ్ళు చీలిక అంచున ఉన్నాయి. ఒక కాలి కింద మట్టి రాలడం ఆయనకు మాత్రమే కనిపించింది. అన్నం మీదే అని ఒక్క మాట అంటే చాలు. అది అబద్ధం కూడా కాదు. పాణికి ఈ నిధి దక్కుతుంది. మిగతాది అతనికి ఎప్పటికీ కనిపించదు. ఈ చీకట్లో ఎవరు చూడొచ్చారు? రేపు వాడి కళ్ళ ముందు మిగిలేది ఈ బొమ్మ ఒక్కటే అయితే, అది లేకుండా చెయ్యడానికి తానెవరు?

పాణి వేలు బిగుసుకుంది. "బావా!"

విస్తట్లో వడ్డించినదేదీ ఇందుమతి ఎప్పుడూ దాచలేదు. మాడిన అప్పడం కూడా, "మాడింది, చూసుకు తినండి" అని చెప్పే వేసేది.

"అన్నం మీద బీబీ" అన్నాడు వల్లభరావు. "తీపి దగ్గర పిల్ల ఉందిరా. చీలిక అంచున. వెనక కాళ్ళు."

చీకట్లో చిన్న శబ్దం, క్లిక్కుమని. వల్లభరావు కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. కాని వెలుగు రాలేదు. పాణి వెతుక్కుని ఆయన అరచేతిలో ఏదో పెట్టి వేళ్ళు మూశాడు. వెచ్చగా, బరువుగా, అగ్గిపెట్టెంత. ఫ్లాష్‌లోంచి ఊడదీసిన బ్యాటరీ.

"నీ దగ్గర ఉంచు. నా చేతిని నేను నమ్మను."

గోడ దగ్గర కరకర ఆగింది. బీబీ తల తిప్పకుండానే వెనక కాలు చాపింది. ఆ కాలు గున్న పిర్ర వెనకకు, చీలిక పక్కగా వెళ్ళి, తలుపు మూసినంత నెమ్మదిగా దాన్ని ఇవతలికి తోసింది. గున్న తూలి, బండకు గుద్దుకుని, దాని సందులోకి తొండం దూర్చింది. ఉప్పు వాసన పట్టుకుని ఆ తడి కొస పాణి ముక్కును, కళ్ళను, నుదుటిని తడిమింది. పాణి కదల్లేదు. రెప్పలు మూసుకుని ముఖం దానికి అప్పగించాడు.

అప్పుడు కొండ కదిలినట్టయింది. గుహ లోతున, తవ్వి తవ్వి బోలుచేసిన పైకప్పులోంచి ఒక పెళ్ళ ఊడిపడింది. చెవులు గింగురుమన్నాయి. ఘీంకారాలు గోడకూ గోడకూ కొట్టుకున్నాయి. నల్లటి కొండలన్నీ ఒక్కసారిగా నోటి వైపు పరుగు తీశాయి. ఒక పక్కటెముకల గోడ బండను రాసుకుపోతే, బండ జరిగి ఇద్దరినీ నొక్కింది. బీబీ మాత్రం పరుగెత్తలేదు. గున్న తన ముందు కాళ్ళ మధ్యకు వచ్చేదాకా నిలబడింది. ఆ తర్వాతే నడిచింది.

"బయటికి!" దూరం నుంచి చెబెట్ కేక. "మిస్టర్ బావా! ఇంకా పడుతుంది! బయటికి!"

వల్లభరావు టార్చి వెలిగించాడు. ఎదురుగా తెల్లటి గోడ. ఉప్పుదుమ్ము. వెలుగు ఆ దుమ్ములోనే ఆగిపోయి ఆయన కళ్ళలోకే తిరిగి కొట్టింది. చెయ్యి చాపితే చెయ్యి లేదు. చీలిక ఎటుందో తెలియదు.

"నాకేం కనబడట్లేదురా పాణీ!"

"కనబడకపోతే మాత్రం ఏం? నాకు రోజూ ఇంతే. నా చొక్కా పట్టుకో. టార్చి ఆర్పేయ్, దాని మీద ఆశ పెట్టుకుంటే పడతావు."

పాణి కుడిచేత్తో గోడ అందుకున్నాడు. దంతపు గాట్లు ఒకదాని తర్వాత ఒకటి దొరికాయి. "ఇవన్నీ నోటి వైపే లాగి ఉన్నాయి బావా, వేళ్ళకి తెలుస్తోంది. ముఖానికి చల్లగాలి తగులుతోందా? అటే." ఒక్కో అడుగు వేస్తూ, పాదంతో నేలను ముందు అడిగి తర్వాత బరువు పెడుతూ నడిచాడు. వెనక మరో పెళ్ళ పడింది. వల్లభరావు ఉలిక్కిపడి పక్కకు జరిగాడు. ఆ పక్క నేల లేదు. కాలు మోకాలిదాకా గాలిలోకి దిగింది. జేబులో వేసుకున్న బ్యాటరీ జారి, గోడలకు తగులుతూ తగులుతూ, చాలాసేపటికి ఎక్కడో ఆగింది.

"పాణీ!"

చొక్కా చిరిగింది. కాని అప్పటికే పాణి ఆయన మణికట్టు దొరకబుచ్చుకుని, గాటులో ఇంకో చెయ్యి బిగించి, వెనక్కి వాలి లాగాడు. ఇద్దరూ పేడతివాచీ మీద పడ్డారు.

"నేను చెప్పలేదూ, పట్టుకుంటే అలా పట్టుకోవాలని" అన్నాడు వల్లభరావు పళ్ళు కొట్టుకుంటుంటే.

"మాటలాపి లే బావా."

దుమ్ములోంచి చెబెట్ చేతులు వచ్చి ఇద్దరినీ వానలోకి లాగాయి. జలపాతం దాటాక మోకాళ్ళ మీద కూలబడి ఆమె తన భాషలో ఎవరినో తిట్టింది. తిట్టుకున్నది తనని తానేనని తర్వాత తెలిసింది. "చీకటి పడ్డాకే వస్తాయన్నాను. ఇక్కడ పుట్టినదాన్నని కూడా అన్నాను" అంది. కింద, వానలో నల్లగా మెరుస్తూ గుంపు వెదుళ్ళలోకి దిగిపోతోంది. ఆఖరున ముసలి పాదాలు, వాటి నడుమ చిన్న పాదాలు. అది కూడా పాణికి కనిపించలేదు. ఎవరూ ఫొటో తీయలేదు.

అడవి అంచున రక్షకుల చెక్కగుడిసె ఉంది. చెబెట్ బంగాళదుంపలు ఉడకబెట్టి, పాలు ఎక్కువ పోసి టీ కాచింది. తడిబట్టలు పొయ్యి దగ్గర ఆవిర్లు కక్కుతున్నాయి.

"తినే వస్తువులు వద్దన్నాను" అంది ఆమె, వల్లభరావు ముందు పళ్ళెం పెడుతూ.

"అది ఊరగాయ. తినే వస్తువు కాదనుకున్నాను."

"ఆ మాట బీబీకి చెప్పండి. కడుపు నిండా తిన్నది ఆవిడ." నవ్వి, వెంటనే ముఖం పక్కకు తిప్పుకుంది. "మా అమ్మకి కబురు చేస్తాను. బతికే ఉందని." తుపాకి తీసుకుని, జీపు చూసుకోవడానికని బయటికి వెళ్ళింది. జీపులోనే పడుకుంటానంది.

లాంతరు వెలుగులో ఇద్దరే మిగిలారు. పాణి అరచేతుల్లో టీ లోటా తిప్పుతున్నాడు. వేళ్ళ సందుల్లో ఇంకా తెల్లటి పొడి ఉంది.

"నువ్వు చెప్పకపోతే కొట్టేసేవాణ్ణి" అన్నాడు.

"తెలుసు."

"చెప్పకుండా ఉందామనుకున్నావా?"

వల్లభరావు పళ్ళెం పక్కకు జరిపాడు. "అనుకున్నానురా."

పాణి తల ఊపాడు. కోపం లేదు. లోటా కింద పెట్టి, "ఎలాగుంది బావా ఆవిడ?" అన్నాడు.

వల్లభరావు చెప్పాడు. చెవుల అంచులు పాత చీరకొంగులా చిరిగి ఉన్నాయని చెప్పాడు. కణతల దగ్గర గుంటలు పడ్డాయని, కళ్ళ కింద నీటి చార ఉందని, రెప్పల వెంట్రుకలు ఇంత పొడుగని వేలి మీద కొలిచి, అతనికి కనబడదని గుర్తొచ్చి, ఆ వేలిని అతని వేలి పక్కన ఆనించి చూపించాడు. గోడ తవ్వేటప్పుడు కళ్ళు మూసుకుందని, ఏదో ఎప్పటి సంగతో జ్ఞాపకం చేసుకుంటున్నట్టు ఉందని చెప్పాడు. పాణి మధ్యమధ్య "ఊఁ" అన్నాడు. ఒకచోట, "ఆగు, ఆ ముక్క మళ్ళీ చెప్పు" అన్నాడు. వల్లభరావు మళ్ళీ చెప్పాడు.

లాంతరులో నూనె అయిపోయి వెలుగు తగ్గుతూ వచ్చి ఆరిపోయింది. ఇద్దరూ పక్కల మీద వాలారు. వాన వెలిసింది. తెరిచి ఉన్న వాకిట్లోంచి చలిగాలి తిన్నగా వల్లభరావు మీదికి వస్తోంది. లేవాలనుకున్నాడు. గుద్దుకున్న మోకాలు లేవనివ్వలేదు.

అవతలి పక్క మీద కదలిక వినిపించింది. పాణి లేచాడు. చెక్కగోడ మీద అరచెయ్యి ఆనించి, పాదంతో నేలను అడుగుతూ, బల్లను దాటాడు, పొయ్యి వెచ్చదనాన్ని దాటాడు. "ఎటురా" అనబోయి వల్లభరావు ఆగిపోయాడు. సాయానికి లేవబోయిన చేతులను దుప్పటి కిందే ఉంచుకున్నాడు. ఊపిరి నిద్రపోతున్నవాడిలా సర్దుకున్నాడు.

వాకిట్లో నక్షత్రాల మీద ఒక మనిషి నీడ కాసేపు నిలబడింది. తడి అడవి వాసనను గుండెల నిండా పీల్చుకుంది. తర్వాత ఆ చెయ్యి తలుపు అంచును వెతికి పట్టుకుంది. కీళ్ళు కిర్రుమనకుండా, బావకు మెలకువ రాకుండా, పాణి తలుపును నెమ్మదిగా దగ్గరికి వేసి లోపలి గడియ పెట్టాడు.